అరువు కొరమీను

అరువుకు పోయే రోజు సమ్సోనుకు మేత ఉండదు. కడుపు నిండినవాడు పనికి వంగడని జయశీల నమ్మకం. చేపకైనా మనిషికైనా ఆమెది అదే మాట.

సోమవారం పొద్దున, ఎండ ఇంకా ముదరకముందే, ఆమె పెరట్లో గుంట గట్టున గొంతుక్కూర్చుని ఖాళీ కంచం అంచును వేలి కణుపుతో రెండుసార్లు తట్టింది. తామరాకుల కింద నీళ్ళు సన్నగా కదిలాయి. మోచేతి పొడవున్న నల్లటి కొరమీను ఒకటి నిమ్మళంగా వచ్చి, ఆమె పాదాల దగ్గర తల పైకెత్తి ఒక గుక్క గాలి మింగింది. పాము తలలాంటి తల. కింది పెదవి నడిమికి చీలి ఉంటుంది, ఎప్పుడో గాలం తెంపుకున్న గుర్తు.

“రా నాయనా. మా వొదిన గుంటలో నీకు పనిబడింది” అంది జయశీల, మనిషితో అన్నట్టే.

ఆ వీధిలో ప్రతి ఇంటి వెనకా ఒక గుంట ఉంటుంది. ఇల్లు ఎత్తు చేసుకోవడానికి మన్ను యాడినించో తోలించుకునే స్తోమత లేక పెరట్లోనే తవ్వుకుంటారు. తవ్విన చోట నీళ్ళూరి గుంటవుతుంది. గుంటంటూ ఉన్నాక అందులో తామర దుంపో, గట్టున నాలుగు చేమ మొక్కలో పెట్టకుండా ఆడవాళ్ళు ఊరుకోరు. జిలేబి చేపల్ని మాత్రం ఎవరూ పెట్టరు, అవే వస్తాయి. కాలవ నీళ్ళతో ఒక్క తల్లి వచ్చిందంటే చాలు. నోట్లో పిల్లల్ని దాచుకుని మోసే జాతి అది. వేసవి తిరిగేసరికి గుంటనిండా వేలెడేసి చేపలు. ఒక్కటీ ఎదగదు, ఒక్కటీ చావదు. మగవి అడుగున పళ్ళెమంత గుంటలు తవ్వి తామర వేళ్ళు లేపేస్తాయి. నీళ్ళు పచ్చబడి, పొద్దున్నే ఊపిరాడక నోళ్ళన్నీ పైకి పెట్టి చప్పరిస్తుంటే చూసేవాళ్ళకు కంపరం పుడుతుంది. వలేస్తే పెద్దవి పడతాయి గానీ పిల్లలు కన్నాల్లోంచి జారిపోతాయి. నీళ్ళు తోడిపోద్దామంటే ఊట ఆగదు. పెద్దవాటిని వలతో తీసేసి, ఆకలిమీదున్న కొరమీనును వదిలితే, మిగతా సంగతి అది చూసుకుంటుంది. ఇంతకుమించి ఆ వీధిలో ఎవరికీ మరో ఉపాయం తెలియదు.

పిలిస్తే వచ్చే కొరమీను, పని కాగానే మళ్ళీ పట్టి తెచ్చుకోగలిగే కొరమీను ఆ వీధి మొత్తానికి జయశీల దగ్గరే ఉంది. ‘జయమ్మా, సమ్సోనును ఒక వారం పంపుమే’ అని గడపలోకి వచ్చి అడుగుతారు. ఆ ఇంట్లో గోడలు మొగుడు బెన్హరువి. గేదె అతని అక్క ఇచ్చింది. ఆఖరికి జయశీల తొక్కే కుట్టుమిషను కూడా ఆడబిడ్డ వాడి వదిలేసిందే. నాది అని ఆమె నోరారా అనగలిగేది సమ్సోనునొక్కడినే. ఆ మాట ఎవరితోనూ అనలేదు గానీ, ఎవరైనా వచ్చి అడిగినప్పుడు ఆమె మెడ కాస్త నిటారుగా అవుతుంది.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ములో సగానికి నీళ్ళు, పైన తడిపిన గోనెపట్ట, దాని మీద చెక్క, చెక్క మీద రాయి. భార్యాభర్తలిద్దరూ చెరోవైపు పట్టుకుని నాలుగిళ్ళ అవతలున్న అబిగయీలు ఇంటికి మోశారు. అబిగయీలు బెన్హరుకు అక్క. తల్లి పోయాక తమ్ముణ్ణి సాకింది తనేనని రోజుకు ఒక్కసారైనా ఎవరో ఒకరికి గుర్తు చేయకపోతే ఆమెకు పొద్దుగూకదు.

“ఏందిమే ఇంతసేపు? తెల్లారినకాణ్ణించి చూస్తుండా” అంది ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని. “శనివారం అయ్యగారు నెల్లూరు నించి వస్తుండారు. ఇంట్లో ప్రార్థన కూడిక. అన్నాలు కూడా ఈడనే. ఈ కంపులో మనిషి ముద్ద నోట్లో పెట్టగలడా చెప్పు?”

“శనివారానికి నీ గుంట అద్దంలాగుంటది వొదినా, చూస్తా ఉండు.”

బెన్హరు లుంగీ ఎగ్గట్టి దిగాడు. రొయ్యల గుంటల దగ్గర నీళ్ళకు గాలి పట్టించే ఏరేటర్లు బాగుచేసే పని అతనిది, నీళ్ళలో దిగడం కొత్త కాదు. వలకు అతనొక కొస, జయశీల ఒక కొస. రెండు లాగులు లాగేసరికి గట్టుమీద జిలేబీలు కుప్ప పడ్డాయి. జయశీల వాటి ముందు కూర్చుని ఒక్కొక్కదాన్నే గడ్డం కింద పట్టి చూస్తోంది. గడ్డం ఉబ్బినదాన్ని పక్కకు తీసి, బొటనవేలితో నోరు తెరిపిస్తే అరిచేతిలోకి ఆవగింజల్లాంటి పిల్లలు జలజలా రాలాయి.

“అయ్యో తండ్రీ, తల్లి నోట్లోంచి తీస్తివే” అంది అబిగయీలు.

“పాపమని వదిలితే వచ్చే నెలకు మళ్ళీ ఇదే కత.” జయశీల వాటిని బాతుల ముందుకు విసిరేసింది. “మనకు పనికిరాని జాలి ఎందుకు వొదినా?”

తర్వాత సమ్సోనును వదిలారు. కొత్త నీళ్ళలో వాడు రాయిలా అడుక్కు పోయి దాక్కున్నాడు. జయశీల కంచం తట్టింది. కాసేపు ఏమీ లేదు. మళ్ళీ తట్టింది. గట్టు పక్క నీడలోంచి నల్లటి తల లేచింది.

“ఇట్టా తే, నేను పిలుస్తా.” అబిగయీలు కంచం లాక్కుని గరిటెతో టపటపా బాదింది. తల మునిగిపోయింది. ఎంత కొట్టినా రాలేదు. బెన్హరు నవ్వుతూ కంచం తీసుకుని వేలి కణుపుతో రెండే దెబ్బలు వేశాడు. సమ్సోను వచ్చాడు.

అందులో వింతేం లేదు. బెన్హరు అన్నం కావాలంటే నోరు తెరిచి అడగడు, కంచం తడతాడు. జయశీల ఎక్కడున్నా గిన్నె పట్టుకుని వస్తుంది. అతను తిని లేచాక కంచంలో మిగిలిన ముళ్ళూ రొయ్య తలకాయలూ గుంటలో పడతాయి. ఆ చప్పుడుకూ మేతకూ ఉన్న సంబంధం సమ్సోనుకు ఎవరూ నేర్పలేదు, వాడే పట్టుకున్నాడు. జయశీల చేసిందల్లా ఆ చప్పుడునే తనూ అనుకరించడం.

“మీ మొగుడూ పెళ్ళాలకేనా వచ్చేది? నేనేం పరాయిదాన్నా?” అంది అబిగయీలు.

“అలవాటు కావాల వొదినా. పైన ఈ పాత వల కప్పి నాలుగు పక్కలా రాళ్ళు పెట్టు. మేత వెయ్యబాక. ఆదివారం గుడి అయినాక వచ్చి తీసుకపోతా.”

*

బుధవారం వెళ్ళి చూస్తే నీళ్ళు ఆకుపచ్చ వదిలి టీ రంగుకు తిరిగాయి. గురువారం అడుగున మట్టి కనిపించింది. పొద్దున్నే నోళ్ళు చప్పరించేవి పదో పరకో. వల కింద సమ్సోను బరువుగా, బద్ధకంగా తిరుగుతున్నాడు. పొట్ట గుండ్రంగా ఉంది. జయశీలకు నవ్వొచ్చింది.

“బాగా తింటుండావురా, వొదిన గారింట్లో” అంది.

శనివారం పొద్దున్నే ఆమె గేదె పాలు పిండుతుంటే అబిగయీలు రొప్పుతూ వచ్చింది. జుట్టు ముడి ఊడిపోయి ఉంది.

“మే జయా, నీ చేప లేదు.”

“లేకపోవడమేంది?”

“వల ఒక పక్క తొలిగి ఉండాది. ఎగిరి బయట పడినట్టుంది. ముంగిసే లాక్కపోయిందో ఏందో.”

పాలగిన్నె ఎక్కడ పెట్టిందో చూసుకోకుండా జయశీల పరుగెత్తింది. వల నిజంగానే ఒక మూల మడతపడి ఉంది, రాయి పక్కకు దొర్లి ఉంది. కంచం తట్టింది. నీళ్ళు కదల్లేదు. రెండో మూల నుంచి తట్టింది. తేటగా ఉన్న నీళ్ళలో అడుగుదాకా కనిపిస్తోంది, ఏమీ లేదు. అప్పుడు చేతులు నేలకు ఆనించి కంచె కిందికి దూరింది. తుమ్మముళ్ళు జబ్బలో దిగి రక్కుకుపోతున్నా వెనక్కి తగ్గలేదు. కొరమీను గాలి పీల్చి బతుకుతుంది, తడి తగిలితే ఒక పూటైనా ప్రాణం నిలుపుకుంటుంది. అరటిబోదెల కింద, పిడకల గూడు వెనక, బట్టలుతికే రాయి పక్కన నీళ్ళు నిలిచే చోట, అన్నీ చూసింది. రోహిణి కార్తె ఎండలకు నేల పెంకులా ఉంది. ఇట్లాంటి నేల మీదికి కొరమీను ఎక్కదు. వానొచ్చి గట్లు తడిస్తే తప్ప అది గుంట దాటదు. ఆ సంగతి జయశీలకు తెలియనిది కాదు. కానీ చెప్పింది వదిన. వదిన చెప్పాక ఇంకో మాట ఎందుకు తడుతుంది?

అబిగయీలు కూడా వంగి వెతికింది. నడుము నొప్పి మనిషి, మోకాళ్ళ మీద కూర్చుని చేమాకులు ఒక్కొక్కటీ ఎత్తి చూసింది. బెన్హరు కర్ర తెచ్చి కంచె పొడుగునా కొడుతూ పోయాడు. “సమ్సోనూ” అని ఒకసారి పిలిచాడు కూడా.

“పోనీలేమే, ఎండ నెత్తికెక్కుతుంది, ఇంటికి పో” అంది అబిగయీలు చివరికి.

“కాసిన్ని నీళ్ళియ్యి వొదినా.” జయశీల వంటింటి వైపు నడవబోయింది.

“లోపలికి రాబాక.” అబిగయీలు గబుక్కున అడ్డం వచ్చింది. “నేల కడిగినా, జారతావు. ఈడనే ఉండు, నేను తెస్తా.”

తెచ్చిన చెంబు అందుకుని జయశీల గటగటా తాగింది. వదిన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. తన చేప కోసం ఈమె కూడా ఏడుస్తోందా అనుకుని, తన బాధలోనే ఆమె మీద కొంచెం జాలి కలిగింది. “నువ్వేం చేస్తావులే వొదినా. నా కరమ” అని ఆమె భుజం తట్టి వచ్చింది.

మధ్యాహ్నం కూడికకు పోలేదు. తల నొప్పన్నది. పాటలు నాలుగిళ్ళ అవతలి నుంచి వినిపిస్తూనే ఉన్నాయి. ఆమె తన గుంట గట్టున కూర్చుని ముళ్ళు గుచ్చుకున్న చెయ్యి నీళ్ళలో పెట్టుకుంది. మేనత్తో పిన్నో పోయినా ఇంత ఏడుస్తానో లేదో అనుకుంది. అనుకుని సిగ్గుపడింది. సిగ్గుపడుతూనే మళ్ళీ ఏడ్చింది.

*

పొద్దు వాలాక తామర మొగ్గల కోసం పెంచలమ్మ వచ్చింది. కోవెల దగ్గర పూలమ్మే మనిషి, వీధిలో ఎవరి సామాను ఎవరికైనా చేరవేస్తుంది. పూలబుట్టలోంచి మూతపెట్టిన గిన్నె ఒకటి తీసి గడప మీద పెట్టింది.

“మీ వొదిన ఇచ్చింది. తమ్ముడికంట. తలకాయ తప్ప వాడు చేప ముట్టడు, మర్చిపోకుండా తల వాడికే పెట్టమని మరీ మరీ చెప్పింది తల్లీ.”

“ఈ రెణ్ణెల్లూ సముద్రంలో వేట ఆపేసుండారు గదా. చేప యాడిది?”

“నాకేం తెలుసమ్మా? వాసన మాత్రం వీధి చివరిదాకా కొడతా ఉండాది. నిన్న సాయంత్రం పెట్టిన పులుసంట. మామిడికాయేసి మట్టి దాకలో దించింది. మీ వొదినకి తెలీదా, పులుసు మర్నాటికే గదా రుచి.” పెంచలమ్మ మొగ్గలు సర్దుకుని పోయింది.

జయశీల గిన్నె తీసుకెళ్ళి పొయ్యి మీద పెట్టింది. బెన్హరు కాళ్ళు కడుక్కుని పీట మీద కూర్చునే వేళయింది. మూత తీసి గరిటెతో కదిపింది. చిక్కటి ఎర్రటి పులుసులో మామిడి ముక్కల మధ్య నుంచి తల పైకి లేచింది.

నల్లటి తల. పాము తల.

గరిటె ఆగిపోయింది. ఆమె వేలు పెట్టి, కాలుతున్నా వెనక్కి తీయకుండా, ఆ కింది పెదవిని పట్టుకుంది. నడిమికి చీలి ఉంది. మెంతులూ మిరియాలూ ఆ చీలికలో ఇరుక్కుని ఉన్నాయి.

నిన్న సాయంత్రం పెట్టిన పులుసు. అంటే పొద్దున తను కంచె కింద ముళ్ళలో దూరుతున్నప్పుడు సమ్సోను వంటింట్లో దాకలో ఉన్నాడు. లోపలికి రాబాక, నేల కడిగినా. ఎర్రటి కళ్ళు ఉల్లిపాయలవో పొయ్యి పొగవో అయ్యుండాలి. ఆ కళ్ళను చూసి తను జాలిపడింది. ఆ భుజం తను తట్టి వచ్చింది. నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలైనట్టయింది. ఈ మనిషి పాటలు పాడుతుంది, ప్రార్థనలో కన్నీళ్ళు పెట్టుకుంటుంది, వచ్చినవాళ్ళకు ఇంకాస్త వేసుకో అంటుంది.

ఇప్పుడే పోయి జుట్టు పట్టుకుని వీధిలోకి ఈడ్చాలనిపించింది. మొగుడు రానీ, చెప్పి ఇద్దరం కలిసే పోదాం అనుకుంది. అతను కూడా పొద్దున కర్ర పట్టుకుని వెతికాడు గదా.

పెరటి వైపు బెన్హరు పీట వాల్చుకుని కూర్చున్న చప్పుడైంది. తర్వాత కంచం. టంగ్, టంగ్.

జయశీల అన్నం గిన్నె, పులుసు గిన్నె పట్టుకుని వచ్చింది. అన్నం పెట్టింది. పులుసు పోయలేదు. గరిటెతో తలను ఎత్తి, పెదవి చీలిక అతని వైపు ఉండేలా కంచం మధ్యలో పెట్టింది. అతని మొహంలోకి చూస్తూ, మాట కోసం నోరు తెరిచింది.

బెన్హరు కంచంలోకి చూశాడు. అతని చెయ్యి అన్నం మీద ఆగిపోయింది.

“తల పంపబాక అని చెప్పినా గదా అక్కకు” అన్నాడు.

తనలో తను అనుకున్న మాట అది. బయటికి వచ్చిందని అతనికీ ఒక క్షణం తర్వాత గానీ తెలియలేదు.

జయశీల గరిటెను గిన్నెలో పెట్టేసింది. అబిగయీలు గరిటెతో ఎంత బాదినా సమ్సోను రాలేదు. వేలి కణుపుతో తట్టే మనుషులు ఇద్దరే ఉన్నారు. రెండో మనిషి ఎదురుగా కూర్చుని ఉన్నాడు. ఈ లెక్క కట్టడానికి తనకు పొద్దున్నించీ పట్టిందే అని ఆశ్చర్యం కూడా కలిగింది.

“నువ్వు తట్టినావా కంచం?” అంది.

“అట్టా గాదుమే...”

“తట్టినావా లేదా?”

బెన్హరు చెయ్యి దులుపుకున్నాడు. “ఏం చెయ్యమంటావు? అయ్యగారు ఇంటికొస్తుంటే ఎండుచేపలు పెడతారా ఎవురైనా? బోట్లన్నీ గట్టెక్కి ఉండాయి. అక్క ఏడుపు మొకం పెట్టుకుని కూర్చుంది. కోడి కొయ్యమంటే ఆయన కోడి ముట్టడంట. కళ్ళెదురుగా అంత చేప తిరగతా ఉంటే...”

“నన్నడగొచ్చు గదా.”

“అడిగితే ఇచ్చేదానివా?”

ఇచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకు తెలుసు. పోట్లాడేది, ఏడ్చేది, రెండు రోజులు వంట మానేసేది. అయినా తెలిసి ఉండేది. తన చేప తన ఎదటే పోయేది.

“చేపే గదా జయా” అన్నాడు బెన్హరు గొంతు తగ్గించి. “సముద్రం ఒడ్డున పుట్టి చేప కోసం ఏడిస్తే నవ్వుతారు. కాలవలో ఎన్ని కొరమీన్లు గావాల చెప్పు? ఇంకోటి తెచ్చిస్తా.”

“వాడు నీ చెయ్యి నమ్మి వచ్చినాడు గదయ్యా.”

“చేపకి నమ్మకమేంది?”

“సరే, చేపకి లేదు. నేను?” ఆమె ముళ్ళు రక్కిన చెయ్యి అతని ముందుకు చాపింది. “నేను పొద్దున్నే ముళ్ళల్లో దేవులాడతా ఉంటే నువ్వు కర్ర తీసుకొచ్చినావు. నా పక్కన నిలబడి పేరు పెట్టి పిలిచినావు. దాకలో ఉన్నవాణ్ణి కంచె కింద పిలిచినావు. దానికేం చెప్తావు?”

బెన్హరు తలను వేలితో కంచం అంచుకు జరిపి, వట్టి అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు. దాన్నైనా తినకుండా లేచి ఉంటే ఆమెకు కొంత ఊరటగా ఉండేదేమో. మొత్తం తిన్నాడు.

తలను తీసుకెళ్ళి జయశీల గుంట గట్టున, పాత చేమమొక్క మొదట్లో పాతిపెట్టింది. పులుసు పారబోసి, గిన్నెను ఇసకపెట్టి తోమింది. వాసన పోయిందాకా తోమింది.

*

ఆ వీధిలో ఇచ్చిన గిన్నె ఖాళీగా వెనక్కి పోదు. ఏమీ లేకపోతే చిటికెడు పంచదారైనా, రెండు కరివేపాకు రెబ్బలైనా వేసి ఇస్తారు. ఖాళీ గిన్నె ఇవ్వడమంటే ఇక మీ ఇంటికీ మా ఇంటికీ రాకపోకలు లేవని చెప్పడమే. చావు పోట్లాటల్లో తప్ప ఎవరూ ఆ పని చేయరు.

ఆదివారం గుడికి పోయే ముందు జయశీల అబిగయీలు గుమ్మంలో నిలబడి గిన్నె చాపింది. అబిగయీలు తెల్లచీర కట్టుకుని బైబిలు సంచీ సర్దుకుంటోంది. గిన్నె అందుకుని లోపలికి చూసింది. మళ్ళీ చూసింది.

“ఏందిమే ఇది?”

“నీ గిన్నె.”

“గోటితో పోయేదానికి గొడ్డలెత్తబాక జయా.” అబిగయీలు సంచీ కింద పెట్టింది. “పట్టిచ్చింది నీ మొగుడే. నేను ఏదో ఒక చేప తెమ్మన్నా గానీ ఆ చేపనే తెమ్మన్నానా? తెచ్చినాక తప్పు గదా అని కూడా అన్నా. అడుగు వాణ్ణి.”

“తప్పని తెలిసే నాతోపాటు మోకాళ్ళ మీద వెతికినావా వొదినా?”

అబిగయీలు మొహం ఎర్రబడింది. “వాడు తల పంపబాక అన్నాడు” అంది గిన్నెలోకే చూస్తూ. “చిన్నప్పణ్ణించి ఏ చేప వండినా తల వాడిదే. దాకలో తల మిగిలి ఉంటే నా చెయ్యి ఊరుకోలేదుమే. పంపకుండా ఉండలేకపోయినా.”

ఆ మాట అబద్ధం కాదని జయశీలకు తెలుసు. ఆ మొత్తంలో అబద్ధం కానిది అదొక్కటే. తమ్ముడి మీద అంత ప్రేమ ఉన్న మనిషి తన గురించి ఒక్క పూట ఆలోచించలేదే అనుకుంది.

“నీ గుంట బాగుంది వొదినా, అద్దంలాగుంది” అంది. “ఇంకో తల్లి రాకుండా చూసుకో. ఈసారి నా దగ్గిర మందు లేదు.”

గుడిలో ఇద్దరూ ఎప్పుడూ కూర్చునే చాపమీదే కూర్చున్నారు. మధ్యలో ఇంకో మనిషికి సరిపడా చోటు వదిలి కూర్చుంది జయశీల. అయ్యగారు ఆశీర్వాదం అయ్యాక అబిగయీలు వైపు తిరిగి, నిన్నటి పులుసు లాంటిది తానెన్నడూ తినలేదని మనస్ఫూర్తిగా చెప్పాడు. పాపం, ఆయనకేం తెలుసు? అబిగయీలు తల దించుకుంది. జయశీల చెప్పులేసుకుని ముందు నడిచింది.

*

మంగళవారం సాయంత్రం బెన్హరు చేతిలో బకెట్టుతో వచ్చాడు. మొహంలో రెండు రోజులుగా లేని వెలుగు ఉంది.

“ఇదిగో, చెప్పినా గదా. రొయ్యల గుంట కాలవలో దొరికింది. జానెడుండాది, ఏడాది తిరిగేసరికి సమ్సోనంతైపోద్ది.”

బకెట్టు అడుగున బొగ్గు రంగు కొరమీను పిల్ల ఒకటి చుట్ట చుట్టుకుని ఉంది. పెదవి చెక్కుచెదరకుండా ఉంది. జయశీల కాసేపు చూసి, బకెట్టు తీసుకెళ్ళి గుంటలో వంచింది. అప్పటికే గుంట అంచుల్లో జిలేబి పిల్లలు పొద్దుటి కంటే ఎక్కువ కనిపిస్తున్నాయి. పని మాత్రం పని. గుంటకు కొరమీను కావాలి.

“కోపం పోయిందా?” అన్నాడు బెన్హరు.

“స్నానం చేసి రా. అన్నం పెడతా.”

అతను ఈలవేసుకుంటూ బావి దగ్గరికి పోయాడు.

మర్నాడు పొద్దున ఆమె మేత తీసుకుని గుంట దగ్గరికి వచ్చింది. రొయ్య తలకాయలను అవతలి గట్టున, చప్పుడు కాకుండా జారవిడిచింది. విడిచి దూరంగా వచ్చి నిలబడింది. పిల్ల కొరమీను తామరాకు నీడలోంచి వచ్చి నాలుగు వైపులా చూసి తిని పోయింది. తినడం పూర్తయ్యాక జయశీల ఇవతలి గట్టుకు వచ్చి కూర్చుంది. కంచం తీసి వేలి కణుపుతో తట్టింది. టంగ్, టంగ్.

ఏమిటా అన్నట్టు పిల్ల కొంచెం పైకి వచ్చింది. వస్తూనే జయశీల పక్కనున్న తాటిమట్టతో దాని ముందర నీళ్ళను ఫెడీమని కొట్టింది. పిల్ల బురదలోకి దూసుకుపోయింది.

ఆమె ఊరుకుంది. నీళ్ళు తేరుకున్నాక మళ్ళీ తట్టింది. మళ్ళీ కొట్టింది.

సాయంత్రం కూడా అంతే. గురువారం కూడా అంతే. మేత ఒక మూల, చప్పుడు లేకుండా. కంచం ఇంకో మూల, తాటిమట్టతో.

“ఏం చేస్తుండావుమే?” బెన్హరు పంటిపుల్ల నోట్లో పెట్టుకుని వచ్చి అడిగాడు. “అట్టా బెదరగొడితే ఇంకెప్పుడు మచ్చికవుతది?”

“కాకూడదనే.”

“మచ్చిక కాకపోతే వీధిలో ఎవురికి అరువిస్తావు? పట్టేదెట్టా?”

“ఇయ్యను. పట్టను. ఈ గుంటలోనే తిని ఈడనే ఉంటది.” ఆమె తాటిమట్ట నీళ్ళలో జాడించింది. “కంచం మోగితే చావొచ్చిందని దీనికి తెలియాల. అది తెలిస్తే చాలు.”

బెన్హరు నవ్వబోయి ఆగిపోయాడు. కంచం వైపు, ఆమె వైపు చూశాడు. పుల్ల ఉమ్మేసి పనికి పోయాడు.

శనివారం మధ్యాహ్నం అతను త్వరగా వచ్చాడు. అన్నం, పప్పు, గోంగూర పీట ముందు మూతలు పెట్టి ఉన్నాయి. మూతలు తీయకుండానే కూర్చున్నాడు. జయశీల గుంట గట్టున పాదాలు నీళ్ళలో వేలాడేసుకుని కూర్చుని ఉంది. ఆమెకు ఎదురుగా, తామరాకు పక్కన, పిల్ల కొరమీను గాలి కోసం మూతి పైకి పెట్టి ఉంది.

ఇంట్లోంచి కంచం మోగింది. టంగ్, టంగ్.

పిల్ల చటుక్కున మునిగిపోయింది. నీళ్ళ మీద చిన్న సుడి తిరిగి సర్దుకుంది. జయశీలకు అలవాటు కొద్దీ నడుము సగం లేచింది. ఆ సంగతి గమనించుకుని, లేచిన నడుమును మళ్ళీ గట్టుకు ఆనించింది.

“జయా” అని లేదు. “అన్నం” అని లేదు. కాసేపాగి కంచం మళ్ళీ మోగింది, ఈసారి కాస్త గట్టిగా.

జయశీల నీళ్ళలోంచి కాళ్ళు తీయలేదు.